చిగుళ్ల బ్యాక్టీరియా నుంచి గుండెను కాపాడుకోవడం ఎలా? ముందు బ్రష్, తర్వాతే ఉల్లిపాయ

“డాక్టర్ గారూ, పోయినేడు నాకు స్టెంట్ వేశారు. పళ్లు తోముకుంటే రక్తం వస్తోంది. నోట్లో బ్యాక్టీరియా గుండె దాకా పోతుందంట కదా? ఉల్లిపాయలో, గ్రీన్ టీలో ఉండే ఫ్లేవనాయిడ్లు ఆ వాపును ఆపుతాయని వీడియోలో చూశాను. ఏ క్యాప్సూల్ వేసుకోమంటారు?”

నేను చిగుళ్ల డాక్టర్ని. ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగని వారం ఉండటం లేదు. కుర్చీలో నోరు తెరిచి కూర్చున్న మనిషికి అన్నీ విడమరిచి చెప్పడానికి టైం చాలదు. అందుకే చేయాల్సిన పనులన్నీ ఒక వరుసలో ఇక్కడ రాస్తున్నాను. వరుస మార్చకండి. చాలామంది దెబ్బతినేది ఏం చేయాలో తెలియక కాదు, ఆరో పనితో మొదలుపెట్టి మొదటి పని వదిలేయడం వల్ల.

ముందు విషయం రెండు ముక్కల్లో. చిగుళ్ల జబ్బుకు ముఖ్య కారణమైన బ్యాక్టీరియాల్లో ఒకటి పార్ఫిరోమోనాస్ జింజివాలిస్. ఇలాంటి బ్యాక్టీరియాల పైపొరలో ఎల్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది. ల్యాబ్‌లో ఎలుక గుండె కణాల మీద ఎల్‌పీఎస్ వేస్తే ఆ కణాలు టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి వాపు పుట్టించే ప్రొటీన్లు తయారు చేస్తాయి. ఉల్లిలో ఉండే క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లను (మొక్కల్లో సహజంగా ఉండే ఒక జాతి పదార్థాలు) ముందుగా కలిపితే ఆ ప్రొటీన్లు తగ్గుతాయి. ఇంతవరకు నిజమే.

అయితే ఆ ప్రయోగాల్లో కణాలకు ఇచ్చే మోతాదు సాధారణంగా 10 నుంచి 100 మైక్రోమోలార్ (ద్రవంలో పదార్థం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) దాకా ఉంటుంది. మనం ఉల్లిపాయ తిన్నాక రక్తంలో తిరిగేది ఎక్కువగా 1 మైక్రోమోలార్ లోపే. అది కూడా పేగులూ కాలేయమూ మార్చేసిన రూపంలో. అంటే ల్యాబ్ గిన్నెలో జరిగింది మన గుండెలో అదే తీరున జరుగుతుందని అనుకోకూడదు. ఫ్లేవనాయిడ్లు ఉన్న తిండి మంచిదే, తినండి. కానీ బ్యాక్టీరియా చిగురు కింద కూర్చుని ఉండగా ఫ్లేవనాయిడ్ల మీదే ఆధారపడటం, పొయ్యిలో కట్టె లాగకుండా పొంగుతున్న పాల మీద నీళ్లు చల్లుతూ కూర్చోవడం లాంటిది. కట్టె లాగేది బ్రష్షూ, క్లీనింగూ.

మరో మాట కూడా ముందే చెప్పాలి. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. అయితే చిగుళ్లకు వైద్యం చేస్తే గుండెపోటు ఆగిపోతుందనడానికి రుజువు లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే చెప్పింది. కాబట్టి ఇక్కడ రాసినవేవీ మీ గుండె మందులకు బదులు కావు. వాటితో పాటు చేయాల్సినవి.

కావలసినవి

– మెత్తటి బ్రష్. ప్యాకెట్ మీద ‘సాఫ్ట్’ లేదా ‘అల్ట్రా సాఫ్ట్’ అని ఉండాలి.
– ఫ్లోరైడ్ ఉన్న మామూలు టూత్‌పేస్ట్. ‘హెర్బల్’ అయినా పర్వాలేదు, ఫ్లోరైడ్ ఉందో లేదో చూడండి.
– పళ్ల సందుల్లోకి వెళ్లే చిన్న బ్రష్‌లు (ఇంటర్‌డెంటల్ బ్రష్), లేదా ఫ్లాస్ దారం.
– చేతి అద్దం, ఫోన్ టార్చ్.
– ఒక కాగితం, పెన్ను. ఇది తప్పనిసరి, ఎందుకో రెండో పనిలో చెప్తాను.
– మీరు వేసుకునే మందుల చీటీ, గుండె డాక్టర్ ఇచ్చిన డిశ్చార్జ్ కాగితం.
– వంటింట్లోకి: ఎర్ర ఉల్లిపాయలు, మునగాకు, బత్తాయిలు, గ్రీన్ టీ లేదా మామూలు టీ పొడి.

క్వెర్సెటిన్ క్యాప్సూల్, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ మాత్ర ఈ జాబితాలో లేవు. మర్చిపోయి వదిలేయలేదు.

1. మీ గుండె జబ్బు ఏ రకమో కాగితం చూసి తెలుసుకోండి

‘గుండె జబ్బు’ అని అందరూ ఒకే మాట అంటారు గానీ, పంటి వైద్యానికి వచ్చేసరికి తేడా చాలా ఉంది.

కృత్రిమ వాల్వ్ వేయించుకున్నవాళ్లు, ఇదివరకు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ (ఎండోకార్డైటిస్) వచ్చినవాళ్లు, పుట్టుకతో వచ్చిన కొన్ని రకాల గుండె లోపాలు ఉన్నవాళ్లు ఒక గుంపు. వీళ్లకు గార తీయడానికైనా, పన్ను పీకడానికైనా 30 నుంచి 60 నిమిషాల ముందు యాంటీబయాటిక్ ఒక మోతాదు ఇవ్వాలి. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి వాల్వ్ దెబ్బతిన్నవాళ్లు మన దగ్గర ఇప్పటికీ చాలామంది ఉన్నారు. మీరు ఆ కోవలో ఉంటే, యాంటీబయాటిక్ కావాలా వద్దా అని మీ గుండె డాక్టర్‌తో ఒక ముక్క రాయించుకుని పంటి డాక్టర్‌కు చూపించండి.

స్టెంట్ వేయించుకున్నవాళ్లు, బైపాస్ అయినవాళ్లు ఇంకో గుంపు. వీళ్లకు మామూలుగా ఆ యాంటీబయాటిక్ అవసరం ఉండదు. వీళ్లకు అసలు ప్రమాదం వేరే వైపు నుంచి వస్తుంది. రక్తం పలచబడే మందును సొంతంగా ఆపేయడం.

ఇది నా ఇంట్లోనే జరిగింది. మా నాన్నగారికి స్టెంట్ వేసిన ఏడాదికి ఒక పన్ను కదిలింది. పీకితే రక్తం ఆగదేమోనని, నాకు మాట మాత్రమైనా చెప్పకుండా, రక్తం పలచబడే రెండు రకాల మాత్రలూ ఐదు రోజులు ఆపేశారు. పంటి డాక్టర్ కొడుకు ఇంట్లో ఉండగానే. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఆ ఐదు రోజుల్లో స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ వణుకు వస్తుంది. పన్ను పీకిన చోట రక్తాన్ని దూది నొక్కి, కుట్టు వేసి ఆపగలం. స్టెంట్ మూసుకుపోతే అలా ఆపలేం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి మీ గుండె డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకండి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసెనోకౌమరాల్ వాడేవాళ్లు పంటి పనికి ముందు 24 గంటల లోపు ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం ఎంత పలచబడిందో చెప్పేది) చేయించుకుని ఆ కాగితం తీసుకెళ్లండి. ఎప్పుడూ నిలకడగా ఉండేవాళ్లకైతే 72 గంటల లోపు చేయించింది సరిపోతుంది.

2. ఇవాళ మీ చిగుళ్లు ఎలా ఉన్నాయో రాసిపెట్టుకోండి

అద్దం ముందు నిలబడి టార్చ్ వేసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న చిగురు గట్టిగా, పంటిని హత్తుకుని ఉంటుంది. రంగు మనిషిని బట్టి లేత గులాబీ నుంచి నలుపు దాకా ఉండొచ్చు. నల్లగా ఉంటే జబ్బేమోనని టెన్షన్ పడక్కర్లేదు. చూడాల్సింది వాపు, మెరుపు, ఉబ్బి ఎర్రబడటం, పంటికీ చిగురుకీ మధ్య పసుపు రంగు గార.

తర్వాత మెల్లగా బ్రష్ చేసి, తెల్లటి సింక్‌లోనో తెల్ల గిన్నెలోనో ఉమ్మండి. రక్తం కనిపిస్తే ఎటువైపు, ముందు పళ్లా దవడ పళ్లా అని కాగితం మీద తేదీతో రాయండి. పళ్లు కదులుతున్నాయా, చిగురు కిందికి జారి పళ్లు పొడుగ్గా కనిపిస్తున్నాయా, పొద్దున్నే నోటి వాసన ఉందా, ఇవీ రాయండి. ఈ కాగితం లేకపోతే, నెల తర్వాత “ఏమో సార్, తగ్గినట్టే ఉంది” అంటారు. దాన్ని పట్టుకుని నేనేమీ తేల్చలేను.

హెచ్చరిక: సిగరెట్, బీడీ తాగేవాళ్లకు చిగుళ్ల జబ్బు ముదిరినా రక్తం పెద్దగా రాదు. పొగాకు రక్తస్రావాన్ని కప్పేస్తుంది. “నాకు రక్తం రావట్లేదు కాబట్టి బాగున్నాను” అనే లెక్క మీకు పనికిరాదు. మీరు నేరుగా మూడో పనికి వెళ్లండి.

ఇంకో సంగతి. బీపీకి అమ్లోడిపిన్, నిఫెడిపిన్ వాడేవాళ్లలో కొందరికి చిగుళ్లు పెరిగి పళ్ల మీదికి ఎక్కుతాయి. అది మందు వల్ల వచ్చింది, పాచి ఉంటే ఇంకా పెరుగుతుంది. మాత్ర ఆపకండి. డాక్టర్‌కు చెప్తే వేరే మందు మార్చే వీలుందేమో చూస్తారు.

3. గార తీయించుకోండి

పాచి మెత్తగా ఉన్నన్నాళ్లు బ్రష్‌కు పోతుంది. గట్టిపడి గార అయ్యాక ఏ బ్రష్షూ, ఏ పొడీ, ఏ కషాయమూ దాన్ని కదపలేవు. డాక్టరే తీయాలి. చిగురుకీ పంటికీ మధ్య లోతు కొలవమని అడగండి. 3 మిల్లీమీటర్ల దాకా మామూలు. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పైపైన క్లీనింగ్ చాలదు, చిగురు కింద వేరు దాకా శుభ్రం చేయాలి. కొలిచిన అంకెలు మీ కాగితం మీద రాయించుకోండి.

డబ్బు ఇబ్బంది ఉంటే హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలకు వెళ్లండి. చిగుళ్లకు అక్కడ విడిగా విభాగం ఉంటుంది.

“క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి, సందులు వస్తాయి” అని మీకు ఇంట్లోనో వీధిలోనో ఎవరో చెప్పే ఉంటారు. ఆ సందులు గార వల్ల ఎముక తగ్గి ఎప్పుడో వచ్చాయి. గార సిమెంటులా వాటిని పూడ్చి ఉంచింది. తీసేశాక కనిపిస్తాయి. వాచిన చిగురు తగ్గి బిగుసుకోవడం వల్ల కూడా సందు కనిపిస్తుంది, అది మంచి గుర్తు.

ఒకే రోజు నోరంతా చేయించుకోవాలా, విడతలుగానా అని అడుగుతుంటారు. లండన్‌లో తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్న 120 మంది మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. లోతుగా, గట్టిగా వైద్యం చేసినవాళ్లలో మర్నాటికి ఒంట్లో వాపు గుర్తులు పెరిగాయి, రక్తనాళాల పనితీరు తగ్గింది. ఆరు నెలలకు మాత్రం వాళ్ల రక్తనాళాలు మామూలు క్లీనింగ్ మాత్రమే చేయించుకున్నవాళ్ల కంటే బాగా పనిచేశాయి. అందుకే ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లను తొందరపెట్టను. గుండె డాక్టర్ సరేనన్నాకే, విడతలుగా చేస్తాను. కొత్తగా స్టెంట్ వేయించుకున్నవాళ్లకూ అంతే.

4. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు

బ్రష్‌ను చిగురూ పన్నూ కలిసే గీత మీద ఏటవాలుగా, 45 డిగ్రీల్లో పెట్టండి. అక్కడే చిన్నచిన్నగా కదిలించి, పంటి వైపు తుడవండి. రెండు మూడు పళ్లు అయ్యాక పక్కకు జరగండి. లోపలి వైపు మర్చిపోకండి. అన్నిటికంటే ఎక్కువ గార నేను కింది ముందు పళ్ల వెనకాలే చూస్తాను.

గోడకు సున్నం కొట్టినట్టు అడ్డంగా లాగకండి. మూడు నెలల్లోపే బ్రష్ పోచలు విచ్చుకుపోతుంటే మీరు గట్టిగా రుద్దుతున్నారని అర్థం.

రక్తం వచ్చిందని ఆ చోటు వదిలేయడం నేను చూసే తప్పుల్లో అతి పెద్దది. రక్తం వచ్చే చోటే పాచి ఉంది. అక్కడే మెత్తగా, ఓపిగ్గా తోమాలి. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం ఆపమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక ఇంచుమించు వారంలో తగ్గాయి. మందు లేదు, మాత్ర లేదు.

“బ్రష్ చేస్తేనే బ్యాక్టీరియా రక్తంలోకి పోతుందట, మరి మానేస్తే మంచిది కదా?” అని ఒక టీచర్ గారు అడిగారు. ప్రశ్న సరైనదే. అమెరికాలో 290 మంది మీద చేసి 2008లో ప్రచురించిన పరిశీలనలో, బ్రష్ చేశాక 23 శాతం మంది రక్తంలో బ్యాక్టీరియా కనిపించింది. యాంటీబయాటిక్ లేకుండా పన్ను పీకించుకున్నవాళ్లలో 60 శాతం. అయితే బ్రష్ చేయగానే చిగుళ్లన్నిటి నుంచీ రక్తం వచ్చేవాళ్లకు ఆ ముప్పు చాలా ఎక్కువగా ఉంది. అంటే చిగురు ఆరోగ్యంగా ఉంటే తలుపు మూసి ఉన్నట్టే. బ్రష్ మానేస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది.

వేపపుల్ల, కానుగపుల్ల అలవాటున్న పెద్దవాళ్లను మానమని నేను చెప్పను. కొన బాగా నమిలి మెత్తటి కుంచెలా అయ్యాకే వాడండి. గట్టి కొనతో రుద్దితే చిగురు కిందికి జారిపోతుంది. పుల్ల లోపలి వైపు పళ్లకు అందదు కాబట్టి రాత్రి పూట బ్రష్ తప్పదు. బొగ్గు, ఇటుక పొడి, రాళ్ల ఉప్పు మాత్రం వద్దే వద్దు.

5. సందులు

పళ్ల మధ్యలోకి బ్రష్ వెళ్లదు. చిగుళ్ల జబ్బు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. సందు పెద్దగా ఉంటే చిన్న బ్రష్, బిగుతుగా ఉంటే దారం. రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి చాలు. మొదటి వారం రక్తం వస్తుంది, కంగారు పడకండి. గుండుసూది, పిన్నీసు, అగ్గిపుల్ల వాడకండి.

6. పుక్కిలించడం: ఏది, ఎన్నాళ్లు

డాక్టర్ రాసిస్తే క్లోరెక్సిడిన్ 0.2 శాతం మందు 10 మిల్లీలీటర్లు ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మేయండి. పేస్ట్‌తో తోమిన అరగంట తర్వాత వాడండి, లేకపోతే పేస్ట్‌లో నురగ పుట్టించే పదార్థం దీని బలం తగ్గిస్తుంది. రెండు వారాలు దాటి సొంతంగా వాడకండి. కారణాలు రెండు. ఇది వాడుతూ టీ తాగితే పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి. రెండోది గుండె జబ్బున్నవాళ్లు తెలుసుకోవాల్సింది. నాలుక మీద ఉండే కొన్ని మంచి బ్యాక్టీరియాలు ఆకుకూరల్లోని నైట్రేట్‌ను రక్తనాళాలకు మేలు చేసే రూపంలోకి మారుస్తాయి. ఈ మందు వాటినీ చంపుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వారం వాడితేనే పై బీపీ 2 నుంచి 3.5 పాయింట్లు పెరిగినట్టు 2013లో ఒక చిన్న అధ్యయనం చూపించింది.

రోజూ వాడటానికి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు చాలు. ఉమ్మేయండి, మింగకండి. బీపీ ఉన్నవాళ్లకు ఆ ఉప్పు కూడా లెక్కే.

జామాకు కషాయం వాడొచ్చా? వాడొచ్చు. జామాకులో క్వెర్సెటిన్ జాతి ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి. చిగుళ్లు వాస్తే లేత జామాకులు నమలడం మన ఇళ్లల్లో పాత అలవాటే. ఐదారు లేత ఆకులు కడిగి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి, వడగట్టి, చల్లారాక పుక్కిలించండి. ఏ రోజుది ఆ రోజే చేసుకోండి. ఇక్కడ ఒక లాభం ఉంది. మింగిన ఫ్లేవనాయిడ్ పేగులు, కాలేయం దాటి పలచబడి రావాలి. పుక్కిలించింది నేరుగా చిగురు మీదే పడుతుంది. అయినా గార కిందికి అది వెళ్లదు. మూడో పని అయ్యాక వాడితే దానికి అర్థం ఉంది.

7. ఇప్పుడు పళ్లెంలోకి రండి

నెదర్లాండ్స్‌లోని జట్ఫెన్ పట్టణంలో 65 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 805 మంది మగవాళ్లను ఐదేళ్లు గమనించారు. 1993లో ఫలితాలు వచ్చాయి. ఫ్లేవనాయిడ్లు ఎక్కువగా తిన్నవాళ్లలో గుండె జబ్బుతో మరణాలు తక్కువ. వాళ్లకు ఆ ఫ్లేవనాయిడ్లు ఎక్కడి నుంచి వచ్చాయనుకున్నారు? టీ, ఉల్లిపాయలు, యాపిల్స్. ఇదొక్కటే రుజువు అని నేను అనను, అలాంటివాళ్ల జీవనం మిగతా విషయాల్లోనూ వేరుగా ఉండొచ్చు. కానీ తిండి గురించి ఆలోచిస్తే మనకు కొత్తగా కొనాల్సిందేమీ లేదని మాత్రం తెలుస్తోంది.

ఉల్లిపాయ. క్వెర్సెటిన్ ఎక్కువగా పై పొరల్లో ఉంటుంది. మన అలవాటు ప్రకారం ఎండు పొట్టుతో పాటు మందంగా రెండు పొరలు తీసి పారేస్తాం. ఎండిన పొట్టు మాత్రమే తీయండి. పెరుగన్నంలో పచ్చి ఉల్లి నంజుకోవడం మంచి పద్ధతి. ఉడికిస్తే కొంత నీళ్లలోకి దిగుతుంది, కాబట్టి పులుసు, సాంబారు అయితే అది ఎక్కడికీ పోదు. ఉడికించిన నీళ్లు వంచేస్తేనే నష్టం. నల్లగా మాడేదాకా వేయించకండి. క్యాప్సూల్ గురించి అడిగేవాళ్లకు నా జవాబు ఇక్కడే ఉంది. నెదర్లాండ్స్‌లోనే 1995లో కొలిచి చూస్తే, ఉల్లిపాయలో ఉన్న రూపంలోని క్వెర్సెటిన్‌ను పేగులు 52 శాతం పీల్చుకున్నాయి, విడిగా ఇచ్చిన శుద్ధమైన క్వెర్సెటిన్‌ను 24 శాతమే.

మునగాకు. క్వెర్సెటిన్, కెంఫెరాల్ అనే రెండు ఫ్లేవనాయిడ్లూ ఉన్నాయి. పప్పులో వేసుకోండి, పొడి చేసుకోండి. పొడిలో ఉప్పు తగ్గించండి.

బత్తాయి. హెస్పెరిడిన్ అనే ఫ్లేవనాయిడ్ తెల్లటి పొరల్లో ఎక్కువ. జ్యూస్ తీసి వడగడితే మిగిలేది ఎక్కువగా చక్కెర, నీళ్లే. తొనలు పొరతోనే నమిలి తినండి. షుగర్ ఉన్నవాళ్లు రోజుకు ఒకటికి మించకుండా.

వంకాయ తొక్కలో, నేరేడు పండులో, నల్ల ద్రాక్షలో ఉన్న ఊదా రంగు కూడా ఫ్లేవనాయిడ్ జాతిదే. పసుపులోని కర్‌క్యుమిన్ ఫ్లేవనాయిడ్ కాదు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

టీ. చక్కెర వేయకుండా, గ్రీన్ టీ గానీ పాలు లేని మామూలు టీ గానీ రోజుకు రెండు కప్పులు. రక్తహీనత ఉన్నవాళ్లు అన్నం తిన్న వెంటనే తాగకండి, గంట ఆగండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

8. మందులతో పడని తిండి

పంపరపనస కనిపించే ఊళ్లలో ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ పండ్లు అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్, నిఫెడిపిన్ లాంటి మందులను శరీరం విరిచేయకుండా అడ్డుపడి, రక్తంలో వాటి మోతాదు పెంచేస్తాయి. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) ఎక్కువైతే కండరాలు దెబ్బతినొచ్చు. ఈ రెండు పండ్లూ మానేయండి. బత్తాయికి ఈ గొడవ లేదు.

వార్ఫరిన్, అసెనోకౌమరాల్ వాడేవాళ్లు మునగాకు, తోటకూర, పాలకూరలను పూర్తిగా మానక్కర్లేదు. ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినండి. వాటిలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. ఈ వ్యాసం చదివి రేపటి నుంచి రోజూ గుప్పెడు మునగాకు మొదలుపెడితే మీ ఐఎన్ఆర్ పడిపోతుంది. మార్చాలనుకుంటే డాక్టర్‌కు చెప్పి, పరీక్ష చేయించుకుంటూ మార్చండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లు ఆకుకూరలు, పండ్లు పెంచే ముందు పొటాషియం గురించి అడగండి.

గ్రీన్ టీ మాత్రలు వద్దు. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్యమైన ఫ్లేవనాయిడ్) ఉన్న సప్లిమెంట్లు కాలేయానికి హాని చేసే సూచనలు చూపించాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పులో తాగే టీకి, గుళికలో కుదించిన సారానికి చాలా తేడా ఉంది.

పంటి నొప్పి వచ్చిందని మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ గుండె జబ్బున్నవాళ్లకు మంచివి కావు. చిగుళ్లకు తరచుగా ఇచ్చే మెట్రోనిడజోల్, వార్ఫరిన్ జాతి మందులతో కలిస్తే రక్తం ప్రమాదకరంగా పలచబడుతుంది. మందుల చీటీ ప్రతిసారీ చూపించమని నేను ఇంతగా చెప్పేది ఇందుకే.

9. ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

రెండు వారాలకు: రెండో పనిలో రాసిన కాగితం తీసి, అదే పద్ధతిలో మళ్లీ చూడండి. రక్తం వచ్చే చోట్లు సగానికి పైగా తగ్గాలి. ఏమాత్రం తగ్గకపోతే మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. గార ఇంకా ఉంది, లేదా సందులు శుభ్రం కావట్లేదు, లేదా షుగర్ అదుపులో లేదు. ఎక్కువగా నేను చూసేది రెండోదే.

మూడు నెలలకు: డాక్టర్ దగ్గర చిగురు లోతు మళ్లీ కొలిపించుకోండి. 5 ఉన్నది 3కో 4కో వచ్చిందంటే పని జరిగింది. ఇంకా 5, 6 ఉండి రక్తం వస్తుంటే మళ్లీ వైద్యం కావాలి.

ఒంట్లో వాపు ఎంత ఉందో రక్తంలో చూసే సీఆర్‌పీ పరీక్ష గురించి చాలామంది అడుగుతారు. దాన్నే మరింత సూక్ష్మంగా కొలిచే హెచ్ఎస్-సీఆర్‌పీ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండెకు ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ అని లెక్క. చేయించుకోవాలనిపిస్తే చేయించుకోండి గానీ, క్లీనింగ్ చేయించుకున్న మర్నాడు మాత్రం వద్దు, పెరిగి కనిపిస్తుంది. జలుబు, జ్వరం, మోకాళ్ల నొప్పులు, దేనికైనా అది పెరుగుతుంది. 10 దాటితే ఒంట్లో ఇంకేదో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. చిగుళ్ల సంగతి తెలుసుకోవడానికి నాకు సీఆర్‌పీ కంటే మీ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.

వెంటనే పరుగెత్తాల్సినవి

నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు కింది దవడలో నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గుతుంటే అది పన్ను కాకపోవచ్చు. గుండె నొప్పి అలా కూడా వస్తుంది. నా దగ్గరికి కాదు, ముందు ఈసీజీకి వెళ్లండి.

వాల్వ్ సమస్య ఉన్నవాళ్లకు పంటి పని తర్వాత రోజుల్లో గానీ వారాల్లో గానీ, తగ్గీ తగ్గనట్టు జ్వరం, వణుకు, రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం, ఆయాసం మొదలైతే ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్ర వేసుకోకండి. ఎండోకార్డైటిస్ అని తేల్చాలంటే రక్తంలో బ్యాక్టీరియాను పెంచి చూసే బ్లడ్ కల్చర్ చేయాలి. ముందే రెండు మాత్రలు వేసుకుంటే ఆ పరీక్షలో ఏమీ దొరకకపోవచ్చు, అసలు జబ్బు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. అదే రోజు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఫలానా తేదీన పంటి పని చేయించుకున్నానని చెప్పండి. కల్చర్‌కు రక్తం తీశాకే మందు మొదలుపెట్టమని అడగండి.